దొరబాబు చదివిన పలక

రెండు ర్యాములూ మంచివే. దొరబాబు ఏడుపల్లా అదే.

పాతది ఒక్కటే పెడితే కంప్యూటరు నడుస్తుంది. అది తీసేసి కొత్తది ఒక్కటే పెట్టినా నడుస్తుంది. రెండూ కలిపి పెట్టినా నడుస్తుంది, కానీ లోపల దేన్నో పాడుచేస్తుంది. పరీక్ష పెడితే తెర మీద ఎర్రగీతలు వరసగా దిగుతాయి. పన్నెండు రోజులుగా అతను చెయ్యని ప్రయత్నం లేదు. గాడులు మార్చాడు. ముక్కలకుండే బంగారు రంగు పళ్ళని పెన్సిలు రబ్బరుతో తుడిచాడు. ఒక్కొక్కదాన్నే పెట్టి పగలంతా పరీక్షించాడు. ఒక్కొక్కటిగా చూస్తే దేనికీ వంక లేదు.

ఏదో ఒకటి చెడ్డదని తేలితే దాన్ని తిట్టుకునైనా బతికేవాడు. తేలలేదు కాబట్టి తిట్టుకోవడానికి తనొక్కడే మిగిలాడు.

అసలు సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఉప్పాడలో సోమలింగంగారంటే మగ్గం మీద కూర్చుని బోధ చెప్పే గురువు. కాషాయం లేదు, గడ్డం లేదు, గుమ్మానికి బోర్డు లేదు. సముద్రం ఒడ్డు నుంచి మూడో వరసలో ఇల్లు. ముందున్న రెండు వరసల్నీ సముద్రం ఎప్పుడో తీసుకుపోయింది కాబట్టి ఇప్పుడదే మొదటి వరస.

ఆయనా, భార్య లోవమ్మగారూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని ముప్పయ్యేళ్ళు జాందానీ చీరలు నేశారు. ఆ చీరకి ఇద్దరు మనుషులు కావాలి. ఎడమ సగం పువ్వులు ఆవిడవి, కుడి సగం ఆయనవి. నేస్తూనే ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నవాళ్ళకి నాలుగు మాటలు చెప్పేవారు. ఎవరో శిష్యుడు ఒక టేప్ రికార్డరు తెచ్చి పక్కన పెట్టాడు. అలా ఏళ్ళ తరబడి రెండువందల పద్నాలుగు క్యాసెట్లయ్యాయి. వాటిలో ఆయన మాటతోపాటు మగ్గం చప్పుడుంది, సముద్రం హోరుంది, మధ్యమధ్య లోవమ్మగారి గొంతూ ఉంది. "నిన్న వేరేగా చెప్పారు కదండీ ఆ మాట" అని ఆవిడ పట్టుకోవడం, ఆయన నవ్వడం, అన్నీ ఉన్నాయి.

తరవాత ఆవిడకి కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు పోయింది. నాలుగేళ్ళు తిరక్కుండా ఆయనకి గొంతులో పుండు లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పట్నుంచీ మెడకి ఒక చిన్న గుడ్డ కట్టుకుని, చేతిలో పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నారు. చెప్పాల్సింది రాసి చూపిస్తారు.

ఆయన రాస్తే ఆవిడకి కనపడదు. ఆవిడ అడిగితే ఆయన పలకలేరు. వెతికి వెతికి తెచ్చినట్టు ఆ ఇంటికే ఈ రెండూ ఎందుకు రావాలో నాకైతే అర్థం కాదు. ఆ ఇంట్లో వాళ్ళు మాత్రం ఎవర్నీ అడగలేదు.

పనిమాటలైతే ఎవరో ఒకరు పలక చూసి చెప్పేవారు. మందు వేసుకున్నారటమ్మా, ఈ పూట అన్నం వద్దంటున్నారమ్మా, అంతవరకే. అంతకుమించి చదివి వినిపించాలని ఎవరికీ తట్టలేదు. క్యాసెట్లున్నాయి కదా.

రోజూ దీపాలవేళకి దొరబాబు వచ్చి ఒక క్యాసెట్ పెట్టేవాడు. లోవమ్మగారు రాట్నం ముందేసుకుని, చేతి తడుముడుతోనే కండెలకి నూలు చుట్టుకుంటూ వినేది. ఊ కొట్టేది. ఒక్కోసారి పోట్లాడేది. "అదిగో, ఆ మాటన్నందుకే ఆవేళ నేను అన్నం వడ్డించలేదు" అనేది. సోమలింగంగారు అరుగు మీద కూర్చుని తన మాటలు తనే వింటూ ఆవిడ మొహం చూస్తూ ఉండేవారు. ఆ గంటన్నరసేపూ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

దొరబాబుది పిఠాపురం. ఇరవయ్యెనిమిదేళ్ళుంటాయి. అక్కడొక ఇంటర్నెట్ సెంటర్లో పని. చెయ్యి చురుకు, మనిషి మంచివాడు, ఓపిక మాత్రం తక్కువ. టేపులు నలిగిపోతున్నాయని, ఎప్పుడో ఒకరోజు పుటుక్కున తెగుతాయని, అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని తనే పూనుకున్నాడు. ఎవరో భక్తుడు ఇచ్చిన పాత కంప్యూటరు గురువుగారింట్లో ఉంది. మాటల్ని ఎక్కించడం వరకు బాగానే చేసింది కానీ, ఎక్కించినదాంట్లో హోరు తీసి శుభ్రం చెయ్యబోతే మొరాయించేది. అందుకని ఇంకో ర్యామ్ తెప్పించాడు. కంప్యూటరు పని చేస్తున్నంతసేపూ సామాను పరుచుకునే బల్ల లాంటిది ర్యామ్. బల్ల పెద్దదైతే పని సాగుతుంది.

కొత్తది గాడిలో టక్కున కూర్చుంది. పాతదానికన్నా పెద్దది, వేగం కూడా ఎక్కువ. ఆ వేగం ఊరికే పోవడమెందుకని ఎవరో వీడియోలో చూపించినట్టు ఒక అమరిక మార్చాడు. కంప్యూటరు పరిగెత్తింది. దొరబాబు మీసం మెలేసినంత పనిచేశాడు.

అప్పుడప్పుడు నీలం తెర పడేది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు చూపించి యంత్రం ఆగిపోయేది. అతను బటన్ నొక్కి మళ్ళీ లేపేవాడు.

ఒక్కో క్యాసెట్‌నీ ఎక్కించి, శుభ్రం చేసి, చోటు కలిసొస్తుందని చిన్నగా కుదించి దాచాడు. మొదట ఎక్కించిన ప్రతుల్ని చెరిపేశాడు. ఏడు నెలలు పట్టింది. చివరికి తెర మీద రెండువందల పద్నాలుగు పేర్లు బారులు తీరి కనపడ్డాయి.

ఇక్కడ వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఆ గురువుల వరసలో పాతవాటిని దాచుకోవడం లేదు. బోధ రాసిన పుస్తకం చివికితే శిష్యుడు కొత్త ప్రతి రాస్తాడు, పాతదాన్ని సముద్రంలో కలిపేస్తారు. ఉంచితే జనం దానికి దండలేసి దణ్ణాలు పెడతారని వాళ్ళ భయం. అయితే కలిపేముందు ఒక పని ఉంది. ఒకరు పాతది పట్టుకుని కూర్చుంటారు, ఇంకొకరు కొత్తదాన్ని పైకి చదువుతారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సరిచూశాకే పాతది పడవెక్కుతుంది.

ఆ మాట ఏసోబుగారు గుర్తుచేశారు. ఆయన సోమలింగంగారి శిష్యుల్లో అందరికన్నా పెద్ద. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యారు. క్యాసెట్ విని, ఆపి, రాసి, మళ్ళీ విని, గుండ్రటి అక్షరాలతో నోట్ పుస్తకాల్లోకి ఎక్కించడం ఇరవయ్యేళ్ళుగా ఆయన పని. నెలకొక క్యాసెట్ అయితే ఎక్కువ.

"వినకుండా కలపకూడదు బాబూ" అన్నారు ఏసోబుగారు.

"కంప్యూటరు మనిషి కాదండీ, తప్పు రాయడానికి. రెండువందల పద్నాలుగు. ఒక్కోటీ గంటన్నర. ఎప్పటికి వింటాం?"

"ఎప్పటికైతే అప్పటికి."

"మీలా నడిస్తే నా జీవితం అయిపోద్దండి" అన్నాడు దొరబాబు నవ్వుతూ.

ఆ వారంలోనే సోమలింగంగారిని మళ్ళీ పరీక్షలకని కాకినాడ తీసుకెళ్ళారు. ఏసోబుగారే తోడు వెళ్ళారు. వాళ్ళు వచ్చేసరికి పనంతా ముగించి చూపించాలని దొరబాబు సరదాపడ్డాడు. పౌర్ణమినాడు పొద్దున్నే క్యాసెట్లన్నీ రెండు గంపలకెత్తి, పడవ మాట్లాడుకుని, లోపలికి వెళ్ళి సముద్రంలో వదిలేశాడు. వచ్చి తలస్నానం చేసి, సాయంత్రం లోవమ్మగారికి కంప్యూటర్లో మొదటి బోధ పెట్టాడు.

ఆరు నిమిషాలు సోమలింగంగారు మాట్లాడారు. తరవాత రేకు మీద మేకుతో గీసినట్టు కీచుమంది. ఆ పైన ఏమీ లేదు.

రెండోది నాలుగు నిమిషాలు. మూడోది తెరుచుకోనే లేదు. ఆవిడకి ఏదో చెప్పి తనని తను అక్కణ్ణుంచి లాక్కుపోయి, మర్నాడు పొద్దున్నుంచి అన్నిటినీ తెరిచి చూశాడు. రెండువందల పద్నాలుగులో తొమ్మిది నిలిచాయి.

డిస్కు పట్టుకుని విశాఖపట్నం వెళ్ళాడు. అక్కడి మెకానిక్ రెండు గంటలు చూసి వెనక్కిచ్చాడు.

"డిస్కుకి ఏం కాలేదు తమ్ముడూ. నువ్విచ్చిందే దాచింది. నువ్వే పాడైంది ఇచ్చావు."

బోధలోని మాటలు చాలావరకు ఏసోబుగారి పుస్తకాల్లో ఉన్నాయి. లోకానికి పోయింది తక్కువే. పోయింది గొంతు. చూపులేని మనిషికి రాత దేనికి?

ఆ తొమ్మిదింటినీ తొమ్మిది సాయంత్రాలు వినిపించాడు. పదోరోజు వాటిలో మొదటిదే మళ్ళీ పెట్టాడు. లోవమ్మగారు రెండు కండెలు చుట్టి ఆగింది.

"ఇది మొన్ననే విన్నాం కదూ నాయనా?"

"కంప్యూటరు రిపేరులో ఉందమ్మా. మిగతావి రావట్లేదు."

"పోన్లే, బాగయ్యాకే పెట్టు. మగ్గం గుంట కొత్తగా తవ్విన ఏడాది ఒకటుంటది చూడు, అది పెడుదువుగాని. అందులో నేనొకటి అడిగాను. ఆయనేం చెప్పారో మర్చిపోయాను."

ఆ తరవాత రెండు సాయంత్రాలూ ఆవిడ కంప్యూటరు వైపు మొహం పెట్టుకుని ఊరికే కండెలు చుట్టుకుంది. దొరబాబు పెట్టె విప్పి, ర్యాములు మార్చి మార్చి పెట్టుకుంటూ కూర్చున్నాడు. అది బాగుపడితే పోయినవి తిరిగిరావని అతనికి తెలుసు. తెలిసీ వదల్లేకపోయాడు. చెయ్యడానికి ఇంకేముంది?

పదమూడోరోజు సోమలింగంగారు కాకినాడ నుంచి వచ్చారు. ఆయన లోపలికి వెళ్ళాక ఏసోబుగారు దొరబాబుని వీధిలోకి పిలిచారు.

"మళ్ళీ వచ్చిందంట. ఈసారి ఊపిరితిత్తుల్లోకి పాకిందంట. చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వేసవి దాటదన్నారు."

దొరబాబు ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"అమ్మకి చెప్పారా?"

"ఎవరు చెప్తారు? ఎలా చెప్తారు? ఆయనా పలక ముట్టుకోలేదు, దారంతా."

మర్నాడు పొద్దున్న, లోవమ్మగారు పెరట్లో ఉన్నవేళ చూసి, దొరబాబు గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. సోమలింగంగారు నెయ్యకపోయినా మగ్గం బల్ల మీదే కూర్చోవడం అలవాటు.

"అయ్యగారండీ, మీ గొంతు పోగొట్టేశానండి."

ఆయన పలక తీసుకుని రాశారు. 'అది పోయి రెండేళ్ళయింది.'

దొరబాబుకి నవ్వు రాలేదు. క్యాసెట్ల సంగతి, పడవ సంగతి, తొమ్మిది మిగిలిన సంగతి, లోవమ్మగారితో ఆడిన అబద్ధాల సంగతి మొత్తం చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. లోవమ్మగారి మాట వచ్చినప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నారు.

తెరిచాక రాశారు. 'ఆ ముక్కలు తే.'

దొరబాబు రెండు ర్యాముల్నీ ఊడదీసి తెచ్చి మగ్గం బల్ల మీద ఆయన పక్కన పెట్టాడు. వేలెడంత పొడుగు ఆకుపచ్చ ముక్కలు. ఆయన ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని నూలు చూసినట్టు వెలుతురుకి పెట్టి చూశారు.

'ఇందులో చెడ్డది ఏది?'

"రెండూ మంచివేనండి. విడివిడిగా బాగా చేస్తాయి. కలిస్తేనే పాడుచేస్తున్నాయి. పన్నెండు రోజులయిందండి, నాకు అంతుపట్టట్లేదు."

ఆయన ఎడమవైపు ఖాళీగా ఉన్న చోటు చూశారు. లోవమ్మగారు కూర్చునే చోటది. పలక మీద రాశారు.

'కలిసి కూర్చున్నప్పుడు ఎవరి నడక పెట్టావు?'

దొరబాబు కంప్యూటరు వైపు తిరిగి చూశాడు.

వీడియోలో చూసి తను మార్చిన అమరిక. అది కొత్తదాని వేగం. రెండూ కలిసున్నప్పుడు పాతదాన్ని కూడా అదే వేగంతో తరిమింది. కొత్తదాన్ని ఊడదీస్తే దానితోపాటే ఆ అమరికా పోతుంది కాబట్టి, పాతది ఒంటరిగా ఉన్నప్పుడు తన వేగంతో తను హాయిగా నడిచింది. అందుకే ఎన్నిసార్లు విడదీసి చూసినా తప్పు దొరకలేదు.

"కొత్తదాని నడకండి" అన్నాడు. "నేనే పెట్టాను."

'పాతది ఆగిపోయిందా?'

"ఆగలేదండి. అందుకోలేకపోయింది. అందుకోలేక తప్పులు అందించింది."

'నీకు చెప్పలేదా?'

దొరబాబు తల దించుకున్నాడు. "చెప్పిందండి. చాలాసార్లు చెప్పింది. నీలం తెర పడేది."

'నువ్వేం చేశావు?'

"మళ్ళీ ఆన్ చేశాను."

సోమలింగంగారు తడిగుడ్డతో పలక తుడిచారు. ఆరేదాకా ఆగి రాశారు.

'పాతదాని నడక పెట్టు.'

దొరబాబు వెళ్ళి రెండు ముక్కల్నీ గాడుల్లో పెట్టి, అమరిక మార్చాడు. రెండు నిమిషాల పని. పరీక్ష పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. పొద్దెక్కింది. మధ్యాహ్నమయింది. ఒక్క ఎర్రగీత పడలేదు.

అంత తేలికని తెలిసినప్పుడు గుండె పగిలింది అతనికి. పెద్ద తప్పుకి పెద్ద కారణం ఉంటే మనిషి దాని చాటున దాక్కుంటాడు. ఇక్కడ చాటు లేదు. గోడకి తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏసోబుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. 'నేను చెప్పలేదా' అని ఆయన అనలేదు. అని ఉంటే కొంత తెరిపిగా ఉండేది.

"బాగయిందండి" అన్నాడు దొరబాబు గురువుగారి దగ్గరికి వెళ్ళి. "బాగయి ఏం లాభం. నేను వెళ్ళిపోతానండి. మళ్ళీ మీకు మొహం చూపించను."

'సాయంత్రం రా' అని రాశారాయన.

సాయంత్రం వెళ్ళేసరికి లోవమ్మగారు రాట్నం ముందు కూర్చుని ఉంది. కంప్యూటరు ఫ్యాను చప్పుడు వినపడ్డట్టుంది, మొహం విప్పారింది.

"బాగయిందా నాయనా? అదే పెట్టు. మగ్గం గుంట తవ్విన ఏడాదిది."

దొరబాబు గురువుగారి వైపు చూశాడు. ఆయన పెట్టమని చేత్తో చెప్పారు. అది పాడైపోయినవాటిలో ఒకటి. ఆయనకీ తెలుసు, పొద్దున తనే చెప్పాడు కదా. అయినా పెట్టమన్నారు.

పెట్టాడు.

మగ్గం చప్పుడు వచ్చింది. సోమలింగంగారి గొంతు వచ్చింది, ముప్పయ్యేళ్ళ కిందటిది, గట్టిది. ఏదో చెబుతున్నారు, వింటున్నవాళ్ళు నవ్వుతున్నారు. ఇంతలో పడుచు లోవమ్మ గొంతు మధ్యలో దూరింది.

"ఇన్ని కబుర్లు చెప్తారు కదా, మనిద్దరిలో ముందెవరు పోతే మంచిదంటారు?"

మగ్గం ఆగింది. ఆయన నవ్వారు. "చెప్తాను విను" అన్నారు.

కీచుమంది. ఆ తరవాత ఏమీ లేదు.

రాట్నం ఆగిపోయింది. "ఏమయింది? కరెంటు పోయిందా?"

సోమలింగంగారు దొరబాబు మొహం మీదనుంచి చూపు తియ్యలేదు.

"కరెంటు కాదమ్మా" అన్నాడు దొరబాబు. "అంతే ఉంది. మిగతాది పోయింది. అన్నీ పోయాయమ్మా. తొమ్మిది మిగిలాయి. క్యాసెట్లు నేనే సముద్రంలో కలిపేశాను. సరిచూడకుండా కలిపేశాను. ఇన్నాళ్ళూ నీతో అబద్ధం చెప్పాను."

లోవమ్మగారు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మాట్లాడినప్పుడు ఆ గొంతులో కోపం కూడా లేదు, అదే భరించలేనిది.

"ఒకసారి డాక్టరు కోశాడు. రెండోసారి నువ్వు కోశావు."

దొరబాబు నేలకి నుదురు ఆనించి పడిపోయాడు. అక్కడే చచ్చిపోతే బాగుండుననుకున్నాడు. ఏసోబుగారు కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం వైపు తిరిగారు.

బలపం చప్పుడయింది. సోమలింగంగారు అరుగు దిగి వచ్చి దొరబాబు పక్కన చతికిలపడ్డారు. భుజం పట్టి లేపి, పలక అతని కళ్ళముందు పెట్టారు. లోలోపలే చదివి ఊరుకున్నాడు దొరబాబు. ఆయన తల అడ్డంగా ఊపి, తన అరచెయ్యి తీసి అతని గొంతు మీద ఆనించారు. రెండో చేత్తో లోవమ్మగారిని చూపించారు.

దొరబాబు ఆవిడ వైపు తిరిగాడు.

"లోవా, పోగు తెగింది" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. లోవా అని ఆవిణ్ణి పిలిచేది లోకంలో ఒక్కరే. "ఎవరది?"

"నేనేనమ్మా, దొరబాబుని. అయ్యగారు రాశారు. నేను చదివాను."

ఆవిడ చెయ్యి తనంతట తనే రాట్నం మీదికి పోయింది. తడిమింది. నిజంగానే పోగు తెగి వేలాడుతోంది.

"ఎప్పుడు తెగింది?"

బలపం కదిలింది. దొరబాబు చదివాడు. "ఇందాక, నువ్వు ఆగినప్పుడు."

"చూస్తూ కూర్చున్నారేం మరి?"

ఆయన తుడిచి, ఆరనిచ్చి, రాశారు. దొరబాబు పలక వైపు చూసి గబగబా అనేశాడు. "రెండేళ్ళనుంచీ చూస్తూనే కూర్చున్నాను."

లోవమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి దొరబాబు ఉన్నవైపు తిరిగింది.

"నీ గొంతు ఆయన గొంతులా లేదు."

"లేదమ్మా."

"ఆయన అలా గబగబా అనరు. ఆగి ఆగి అంటారు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. ఒక్కో మాట దగ్గరా ఆగాడు. ఆవిడ ఊ కొట్టింది.

సోమలింగంగారు పలక తుడిచారు. ఈసారి చాలాసేపు బలపం పట్టుకుని ఊరికే ఉన్నారు. తరవాత మొదలుపెట్టారు. అక్షరం అక్షరానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవాలి. 'లో' పడింది. 'వా' పడింది. తరవాత 'మ', తరవాత 'ళ్ళీ'.

దొరబాబుకి అర్థమైంది. ఏసోబుగారి వైపు చూశాడు. ఆయనకీ అర్థమై మొహం తిప్పుకున్నారు. వద్దండీ అని గురువుగారి మణికట్టు పట్టుకోబోయి ఆగాడు. బలపం ఆగలేదు. ఏడు నెలలపాటు ప్రతిదీ తొందరగా అయిపోవాలనుకున్నవాడు, ఆ అక్షరాలు ఇంకా నెమ్మదిగా పడితే బాగుండునని ప్రాణం పెట్టి కోరుకున్నాడు.

పూర్తయింది. పలక అతని ముందుకొచ్చింది.

"ఏం రాశారు?" అంది లోవమ్మగారు.

దొరబాబు పెదాలు తడుపుకున్నాడు.

"చదవరా. ఏమన్నారు?"

గురువుగారి చెయ్యి ఇంకోసారి వచ్చి అతని గొంతు మీద ఆనింది. బరువులేని చెయ్యి అది, వెచ్చగా ఉంది.

"లోవా," అన్నాడు దొరబాబు. ఆగాడు. "మళ్ళీ వచ్చింది." ఆగాడు. "ఈ వేసవి దాటనన్నారు."

ఆవిడ కదల్లేదు. బయట సముద్రం చప్పుడు ఎప్పటిలాగే ఉంది. చేతిలో రెండు పోగు కొసలున్నాయి, ఒకటి కండెది, ఒకటి నూలుచిలపది. వాటిని అలా పట్టుకునే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం కింద నుంచి ఒళ్ళోకి పడుతున్నాయి. తుడుచుకోలేదు.

చాలాసేపటికి "ఊ" అంది.

వేళ్ళు కదిలాయి. రెండు కొసల్నీ మెలిపెట్టి ముడేసింది. ముడి మీద బొటనవేలితో నొక్కి చూసుకుని, రాట్నం ఒక చుట్టు తిప్పి ఆపింది.

"ఆవేళ అడిగిందానికి జవాబు చెప్పమను" అంది. "ఏం చెప్పారో మర్చిపోయాను."

సోమలింగంగారు తడిగుడ్డ తీసుకుని పలక తుడిచారు.

తడి ఆరేదాకా దొరబాబు ఆగాడు.